పెన్నానది ప్రవహిస్తుంది

అక్టోబర్ 15

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచారు. నేనూ ఒకటి తెరిచాను. ‘మన పాఠం’.

ఇంటర్నెట్‌లో ఒక పేజీ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సోషల్ టీచర్లు ఎవరైనా లోపలికి రావచ్చు, పాఠం రాయవచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు. తాళం లేదు, యజమాని లేడు. ఇదంతా అమ్మకు చెప్పాను.

“అంటే నేను కూర చేస్తాంటే వీధిలో వాళ్లంతా వచ్చి ఉప్పేసి పోతారా?”

“అవునమ్మా. అందరి చెయ్యీ పడితేనే అది అందరి కూర.”

“అట్లయితే ఆ కూర నువ్వే తిను.”

ఈ ఇంట్లో విప్లవానికి ఇంతే గౌరవం.

పేజీ తలమీద మూడు నియమాలు పెద్ద అక్షరాలతో పెట్టాను. ఒకటి: ఇక్కడ సార్లు లేరు, మేడమ్‌లు లేరు, అందరూ నేర్చుకునేవాళ్లే. రెండు: తప్పు కనబడితే దిద్దు, ఎవరినీ అడగొద్దు. మూడు: ఎవరు రాసిందైనా ఎవరైనా వాడుకోవచ్చు, మూలం పేరు చెబితే చాలు.

‘జ్ఞానం జనం ఉమ్మడి ఆస్తి’ అని ఒక కరపత్రం ఉండేది. ఏడో తరగతిలో బాలకృష్ణయ్య సారు ఇచ్చాడు. మంచం కింద పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లకు దానికి ఒక ఇల్లు కట్టాను.

మొదటి పాఠం నేనే రాశాను. మన పెన్నా మీద, గంటలో అయిపోయింది. పెన్నా ముందు మైలవరం జలాశయాన్ని నింపి, ఆ తర్వాత గండికోట లోయలోకి దూకుతుందని మొదలుపెట్టాను. దూకుతుంది అన్న మాట శానా బాగా కుదిరింది. మళ్లీ చదవాల్సిన పని కూడా పడలేదు.

అక్టోబర్ 19

నలభైమందికి పైగా చేరారు. పాఠం మాత్రం ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు.

ఏం రాశారంటే, శుభోదయం. మంచు బిందువులున్న గులాబీ కింద శుభోదయం. ఎనిమిదో తరగతి ‘మొఘల్ సామ్రాజ్యం’ అన్న శీర్షిక కింద ఎవరిదో అత్తగారు పోయిన వార్త, దాని కింద వరసగా ‘ఓం శాంతి’లు. ‘శీతోష్ణస్థితి’ కింద మండల విద్యాధికారి గారి పుట్టినరోజు ఫ్లెక్సీ, చుట్టూ గుండ్రాల్లో సీనియారిటీ ప్రకారం మొహాలు.

ఫ్లెక్సీ తీసేశాను. సాయంత్రం దాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. గుండ్రాల్లో ఉన్నవాళ్లందరూ చేశారు.

అక్టోబర్ 22

దువ్వూరు నుంచి ఒక మేడమ్ ఫోన్.

“సార్, మీ పాఠంలో ఒక కామా ఎక్కువుండాది. తీసేద్దునా? మీరేమీ అనుకోరు గదా?”

“మేడమ్, అడగొద్దని తలమీద రాసినా గదా. అది నా కామా కాదు. మన కామా.”

“అట్లనా సార్? అందరిదీ అంటాండారు, నేనొక్కదాన్నే ఎట్ల తీసేసేది? ఉండనీలే సార్.”

అరిచాను. ఆమె తప్పేమీ లేదు. వ్యవస్థ మీద అరిచాను, ఫోన్లో ఆమె ఉంది.

అక్టోబర్ 26

మొదటి ఆన్‌లైన్ సమావేశం. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఒకరి పాఠం ఒకరు చూసి నేర్చుకోవాలని నా ఆలోచన.

నిన్న పైనుంచి మెసేజ్ వచ్చింది, ఆన్‌లైన్ సమావేశానికి టీచర్లు హాజరైనట్టు ఫోటో కావాలని. స్క్రీన్ ఫోటో పంపుతానన్నాను. కుదరదట, మనుషులు కనబడాలట. కాబట్టి అందరూ బస్సులెక్కి ప్రొద్దుటూరుకు వచ్చి ఒకే గదిలో బెంచీల మీద కూర్చుని, ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని, ఒకరితో ఒకరు ఆన్‌లైన్‌లో మాట్లాడుకున్నాం. ఒక్కరు ‘నమస్తే’ అంటే అన్ని ఫోన్లలోంచీ అదే ‘నమస్తే’ వంతులవారీగా వచ్చింది. జమ్మలమడుగులో మా బళ్లోనే పనిచేసే సమీరా మేడమ్ నా పక్కనే కూర్చుని, ఫోన్లో చెయ్యెత్తే గుర్తు నొక్కి, నేను ఒప్పుకునేదాకా ఆగి అడిగింది.

“యశ్వంత్ సార్, నా మాట వినపడతాందా?”

నా చెవిలోనే అరిచింది. కావాలనే చేసింది.

ఫోటో బాగా వచ్చింది.

అక్టోబర్ 29

ఈ రోజు చరిత్రలో నిలుస్తుంది. బాలకృష్ణయ్య సారు పాఠం రాశాడు!

ఇంట్లో వాళ్లంతా బంగారం అంగళ్లు పెట్టుకుంటే సుద్దముక్క పట్టుకున్న మనిషి. నవంబర్ ఆఖరుకు రిటైరవుతాడు. ఫోన్లో పచ్చబటన్, ఎర్రబటన్ తప్ప ఇంకోటి నొక్కడని ఆయన భార్య కనకమ్మ గారు ఎప్పుడూ అంటుంది. అలాంటాయన ఆరో తరగతికి పెన్నానది మీద ఏకంగా మూడు పేజీలు రాశాడు! అందులో గులాబీ లేదు, శుభోదయం లేదు.

కింద ‘బాలకృష్ణయ్య, నేర్చుకునేవాడు’ అని సంతకం.

చూసి బస్సులో లేచి నిలబడ్డాను. కండక్టర్ స్టాప్ వచ్చిందా అని అడిగాడు.

నవంబర్ 2

సారు పాఠంలో నాలుగో వాక్యం: పెన్నానది తూర్పు నుంచి పడమరకు ప్రవహిస్తుంది.

రెండుసార్లు చదివాను. పడమర నుంచి తూర్పుకు కదా. నందికొండల్లో పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది వెనక్కి ఎట్లా నడుస్తుంది?

అప్పటికే నలభైమంది చూశారు. ఒక్కరూ దిద్దలేదు. చప్పట్ల బొమ్మలు పెట్టారు. ‘సార్, మీరు మాకు దారిదీపం’ అని ఒకరు. దీపం పడమటికి చూపిస్తోంది, అదీ వీళ్లకు పట్టలేదు.

నియమం అంటే నియమం. సారుకు ఒకటి, దువ్వూరు మేడమ్‌కు ఒకటి ఉండదు. ఆ వాక్యాన్ని కొట్టేసి సరైనది పెట్టాను. పక్కన ఎర్రరంగులో నోట్ రాశాను: “ఇది తప్పు. ఆధారం ఏది? ఇలాంటివి రాసేవాళ్లు పిల్లలకు ఏం చెబుతారు?”

నోట్ సారు మీద కాదు. తప్పు మీద. ఎవరు చదివినా అర్థమవుతుంది.

నవంబర్ 3

ప్రతి ఆదివారం పొద్దున సారు ఇంట్లో బొరుగుల ఉగ్గాని, బజ్జి. ఈ రోజు పోలేదు. పని ఉంది.

ఏం పని అని అమ్మ అడిగింది. ఉంది అని చెప్పాను.

నవంబర్ 5

ప్రొద్దుటూరులో సారు బళ్లోనే పనిచేసే గోపీకృష్ణ ఫోన్ చేశాడు. అతనూ సారు శిష్యుడే, నాకంటే పదేళ్లు పెద్ద. నా నోట్‌ను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారట.

“ఏమప్పా, నాలుగు పాంప్లెట్లు చదివితే సారునే దిద్దేటంతటోనివైనావా?”

“నేను నదిని దిద్దినా అన్నా, సారును కాదు.”

“నది నీకేమైనా ఫోన్ చేసి చెప్పుకున్యాదా? సారు రాసింది రాసినట్టే ఉండాల.”

“అది తప్పని నీకు తెలియదా?”

“తెలుసప్పా. సోషల్ టీచర్నే గదా నేనూ! తెలుసు గాబట్టే చెప్తాండా. మా సారు తప్పు రాసినాడంటే దానికి ఏదో కారణముంటాది.”

ఫోన్ పెట్టేలోపలే నది మళ్లీ పడమటికి తిరిగింది. అతను నాతో మాట్లాడుతూనే తిప్పాడు.

నవంబర్ 6

తూర్పు.

నవంబర్ 7

పడమర. దానికి వాళ్ల బడి తరఫున రెండు దండాల బొమ్మలు.

నవంబర్ 8

పొద్దున తూర్పు. మధ్యాహ్నం భోజనం బెల్లుకు పడమర. నాలుగున్నరకు మళ్లీ తూర్పు. ఈసారి నేను తిప్పలేదు, మా జమ్మలమడుగు టీచర్లు తిప్పారు! సత్యం కోసం జనం కదిలారు.

ఆరో తరగతిలోకి పోతే ముందు బెంచీ పిల్ల లేచి అడిగింది, “సార్, ఈ పొద్దు ఎటు సార్?”

నవంబర్ 9

సమీరా మేడమ్ నా సంతోషం చూసి అన్నం గిన్నె మూతపెట్టి మరీ నవ్వింది.

“సత్యం కోసమా? ట్రైనింగులన్నీ ఎప్పుడూ ప్రొద్దుటూరులోనే పెడతారని మనోళ్లకు ఆరేండ్ల నుంచి కడుపుమంట. నది ఎటు పోతే వీళ్లకేం? వాళ్లు తూర్పంటే మనోళ్లు పడమరంటారు.”

“మీరెందుకు తిప్పినారు మరి?”

“నేనా? నది తూర్పుకే పోతాది గాబట్టి.” గిన్నె మూత తీస్తూ అంది. “మీ సారుతో మాట్లాడినారా?”

“ఎందుకు మాట్లాడాల? నాకేం కోపం లేదు.”

“కోపం మీకుండాదని ఎవరన్నారు సార్?”

ఈమె సైన్స్ టీచరే. సోషల్‌లో వేలెందుకు పెడుతోందో అడగాల్సింది.

నవంబర్ 10

ఆదివారం. పని ఉంది. పేజీలో మొదటి నియమానికి రంగు మార్చాను.

సారు పేజీలోకి వచ్చాడేమోనని చూడలేదు. వేరే దానికోసం చూస్తుంటే కనబడింది. రాలేదు.

నవంబర్ 13

కూరగాయల అంగడి దగ్గర కనకమ్మ గారు. నేను పక్కకు తప్పుకోలేదు, అరటికాయలు చూస్తున్నాను.

“ఏం నాయనా, ఆదివారం రావడమే మానుకుంటివి. బజ్జీలు మిగిలిపోతాండాయి.”

“పనులమ్మా. సారు బాగుండాడా?”

“బాగలేకేం. ఆ పాఠం ఒక్క వేలితో ఎన్ని రోజులు కొట్టినాడో! కళ్లద్దాలు పెట్టుకునేది, తీసేది. ఎప్పుడో ఆయన దగ్గర చదువుకున్న పిల్లోళ్లందరికీ పంపించినాడు, చూడండి నేను గూడా నెట్‌లోకి వచ్చినా అని. ఇప్పుడు ఆ ఫోను బీరువా మీద పెట్టినాడు. మోగితే నేనే తీస్తాండా.”

“నన్నేమైనా అన్నాడా?”

“ఏమీ అనలేదు. నీ పేరే ఎత్తడం లేదు.”

అరటికాయలు కొనుక్కుని వచ్చాను. మా ఇంట్లో ఎవరూ అరటికాయ తినరు.

నవంబర్ 14

సారీ చెప్పాలా? తప్పును తప్పన్నందుకా? అప్పుడు కరపత్రం అబద్ధమవుతుంది. ఆ కరపత్రం ఇచ్చింది ఆయనే. నన్ను ఇట్లా తయారు చేసింది ఆయనే. న్యాయంగా చూస్తే నా నోట్ కూడా ఆయన రాసినట్టే.

ఈ వాదన బాగుంది. చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. ఇలాంటి వాదనలు ఎప్పుడూ సారుకే చెప్పేవాణ్ని.

నవంబర్ 15

రాజీకి పిలుపు వచ్చింది. ఆదివారం పులివెందులలో. పొలం గట్లకూ, పాత కక్షలకూ రాజీ జరుగుతుంది. ఒక నది దిక్కుకు రాజీ!

పోను.

నవంబర్ 17

పోయాను. సారు వస్తున్నాడని సమీరా మేడమ్ చెప్పింది. అందుకు కాదు. వాళ్లు ఏం చేస్తారో సాక్షిగా చూడాలని.

పులివెందుల బయట చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, రేకుల షెడ్డు. తోట అక్కడి టీచర్ ఒకాయనది. ప్రొద్దుటూరు వాళ్లు ఒక సుమోలో, మా జమ్మలమడుగు వాళ్లు ఇంకో సుమోలో దిగారు. ఎదురెదురుగా రెండు వరుసల కుర్చీలు వేశారు. మధ్యలో పెద్దమనిషిగా అబ్దుల్ వాహిద్ సారు, పులివెందుల దగ్గర ఒక హైస్కూలు హెడ్మాస్టర్, గడ్డం తెల్లగా, గొంతు మెత్తగా ఉండే మనిషి.

“ముందు ఫోన్లన్నీ ఈ బల్ల మీద పెట్టండప్పా. మాట్లాడుకునేటప్పుడు ఎవరూ ఎడిట్ చేయగూడదు.”

అందరూ పెట్టారు. గోపీకృష్ణ దగ్గర రెండో ఫోన్ ఉందని మావాళ్లు లేచారు. దాన్నీ పెట్టించారు.

“చూడండి, మా ఊరికి పెన్నా లేదు. మాకు తెలిసింది బోరునీళ్లే, అవి పైకి మాత్రమే వస్తాయి. అందుకని మాకు తూర్పూ పడమరా రెండూ ఒకటే. చెప్పండి.”

గోపీకృష్ణ లేచాడు. “సారు జీవితమంతా పాఠాలు చెప్పినాడు. రిటైర్మెంట్ ముందర ఒక్క నది కోసం ఆయన మాట పోవాల్నా?”

మా హెడ్మాస్టర్ లేచాడు. “నీళ్లు ముందు మా ఊరికొచ్చి, మేం వదిలితేనే మీ ఊరికొచ్చేది. ఆ మాట ఒప్పుకోమనండి, దిక్కు సంగతి తర్వాత చూద్దాం.”

“మీరు వదిలేదేంది? నది ఏమన్నా మీ ఇంటి కొళాయా?”

“కూర్చోండప్పా, కూర్చోండి.”

ప్రతిపాదనలు వచ్చాయి. ఒక నెల తూర్పు, ఒక నెల పడమర అని ఒకరు. సారు రిటైరయ్యేదాకా పడమటికి పారనిచ్చి, డిసెంబర్ ఒకటి నుంచి తూర్పుకు తిప్పుదామని ఇంకొకరు. దీనికి రెండు వరుసల్లోనూ తలలు ఊగాయి. బడుల పక్కనే ఉంది కదా, పోయి చూద్దాం రమ్మని సమీరా మేడమ్ అంటే, ఇప్పుడు ఇసకే ఉండాది, ఇసక ఎటు పారుతాదని చూసేది అన్నారు.

నేను లేచాను. “దిక్కులు రాజీ పడవు!” అని అరిచాను. బల్ల గుద్దాను. ఫోన్లన్నీ ఎగిరిపడ్డాయి.

“కూర్చో నాయనా,” అన్నాడు వాహిద్ సారు. “దిక్కులు యాడికీ పోవులే. వీళ్లంతా మళ్లీ ఒకరి మొగం ఒకరు చూసుకోవాల గదా, దానికీ తిప్పలు.”

బాలకృష్ణయ్య సారు కొసన కూర్చుని, ఒళ్లో చీనీకాయ పెట్టుకుని గోటితో తొక్క గీరుతున్నాడు. వాహిద్ సారు ఆయన్ను అడిగాడు, “సార్, మీరేమంటారు?”

“నలుగురూ ఎట్లంటే అట్ల.”

ఆ గొంతు నాకు తెలుసు. బళ్లో నేను తప్పు జవాబు మీద మొండికేసినప్పుడు కూడా ఇట్లానే, నువ్వెట్లంటే అట్ల అనేవాడు. ఈసారి నా వైపు చూడలేదు.

తీర్పు వచ్చింది. రెండు వరుసలూ ఒప్పుకున్నాయి. వాక్యం ఇకమీదట ఇట్లా ఉండాలి: పెన్నానది ప్రవహిస్తుంది. ఎటు అన్నది ఎవరూ రాయగూడదు. పేజీకి తాళం వేయాలి. దిద్దే అధికారం ముగ్గురు పెద్దలకు మాత్రమే ఉంటుంది, వాహిద్ సారు, మా హెడ్మాస్టర్, బాలకృష్ణయ్య సారు. ఆ తాళం నా చేతనే వేయించారు. గోపీకృష్ణ, మా హెడ్మాస్టర్ కౌగిలించుకున్నారు. ఫోటో తీశారు.

తర్వాత బంతి. సంగటి, కోడికూర, అలసంద వడలు, తినని వాళ్లకు పప్పు. నేను ఆ రోజు కోడి ముట్టనని ప్రతిజ్ఞ చేసుకుని కొసన కూర్చున్నాను. వడ్డించేవాడు నన్ను దాటిపోయాడు. ఎదురు వరుసలోంచి సారు వాణ్ని పిలిచాడు.

“అప్పా, ఆ కొసలో అబ్బాయికి పప్పెయ్యలేదు.”

అబ్బాయి అన్నాడు. నాకు పన్నెండేళ్లప్పటి నుంచి యశ్వంతూ అని పిలిచేవాడు.

పప్పులో ఉప్పు ఎక్కువైంది.

నవంబర్ 21

ఆరో తరగతి పరీక్ష. పెన్నానది ఏ దిక్కుకు ప్రవహిస్తుంది? ఒక అర్ధమార్కు.

క్లాసంతా ఒకే జవాబు. ప్రవహిస్తుంది.

అందరికీ మార్కు వేశాను. తర్వాత కొట్టేశాను. తర్వాత పేపర్లు సమీరా మేడమ్‌కు ఇచ్చి మీరే చూడండి అన్నాను. పావు వేసింది. నది పారుతోందని చెప్పారు గదా సార్, పూర్తి అబద్ధమేమీ కాదు అంది.

నవంబర్ 24

ఆదివారం. పని లేదు. అయినా పోలేదు.

నవంబర్ 30

సారు రిటైర్మెంట్ సభ. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. శాలువాలు, దండలు, పొగడ్తలు. గోపీకృష్ణ మాట్లాడుతూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అది నాకు నచ్చలేదు.

వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో సారు, చుట్టూ గుండ్రాల్లో శిష్యులు సీనియారిటీ ప్రకారం. అందరికంటే ఆఖరున, కుడిచేతి మూల, సగం కర్టెన్ వెనక నా మొహం.

గోపీకృష్ణ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“నన్ను చూడొద్దప్పా. నేనేయించలేదు. సారే వేయమన్యాడు. నీ ఫోటో కోసం మీ అమ్మకాడికి పోయొస్తి.”

నేను ఫ్లెక్సీలకు వ్యతిరేకం. అయినా కర్టెన్ కొంచెం పక్కకు జరిపాను.

సారు మైకు ముందు రెండే మాటలు చెప్పాడు. ఇన్నాళ్లూ మీరు నన్ను భరించినారు. ఇంక భోంచేయండి. దిగి వచ్చేటప్పుడు చుట్టూ జనం. శానా జనం. అందుకే దగ్గరికి పోలేదు. తోసుకుంటూ పోవడం నాకు ఇష్టం ఉండదు.

డిసెంబర్ 1

ఆదివారం. పొద్దున పేజీ తెరిచాను. ఏదో అలవాటు.

సారు పాఠంలో నాలుగో వాక్యం మారింది. పెన్నానది పడమర నుంచి తూర్పుకు ప్రవహిస్తుంది. దిద్దినవారు: బాలకృష్ణయ్య. సమయం తెల్లవారి ఐదున్నర.

గెంతాను. అమ్మ ఏమైందిరా అని వచ్చింది. సత్యం గెలిచింది అన్నాను. పాలు పొంగిపోతాండాయి చూడు అంది.

ఆ తర్వాత కిందికి జరిపాను. నా పాఠం, మొదటి వాక్యం. పెన్నా ముందు మైలవరం జలాశయాన్ని నింపి, ఆ తర్వాత గండికోట లోయలోకి దూకుతుంది. దాని మీద అడ్డంగా ఎర్రగీత. పక్కన సరైన వాక్యం: గండికోట ఎగువన, మైలవరం దిగువన. దాని పక్కన నోట్.

“ఇది తప్పు. ఆధారం ఏది? ఇలాంటివి రాసేవాళ్లు పిల్లలకు ఏం చెబుతారు? (మూలం: యశ్వంత్, నవంబర్ 2)”

నేను రోజూ బస్సు దిగేది జమ్మలమడుగులో! మైలవరం కట్ట మీద కూర్చుని పాంప్లెట్లు చదివినవాణ్ని! సరే, తప్పే అనుకుందాం. ఒక తొందరలో ముందుది వెనకయింది. దానికి ఇంత ఎర్రగా, ఇంతమంది ముందర రాస్తారా? ఒక్క ఫోన్ చేసి చెబితే నేను దిద్దుకోనా? మనిషికి ఒక మర్యాద అంటూ ఉండదా?

వాహిద్ సారుకు ఫోన్ చేశాను. రాజీ పెట్టమన్నాను.

“ఎందుకప్పా మళ్లీ? నువ్వు రాసింది తప్పా, కాదా?”

“తప్పే సార్. అది కాదు విషయం. చెప్పే పద్ధతి అని ఒకటి ఉంటాది గదా.”

అటువైపు ఆయన నవ్వడం వినబడింది. నవ్వుతూనే ఇంట్లో ఎవరినో పిలిచి, ఈ పిల్లోడు ఏమంటాండాడో వినండి అని ఫోన్ స్పీకర్లో పెట్టాడు. నేను పెట్టేశాను.

నేరుగా సారు ఇంటికి పోయాను. చెప్పులు విప్పాలని కూడా గుర్తులేదు. సారు నడవలో స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ఫోను, ఒక్క వేలు గాలిలో.

“సార్, ఏంది సార్ అది?”

“ఏది?”

“నా పాఠం మీద ఆ నోట్!”

“తప్పు కనబడితే దిద్దు, అడగొద్దు. అట్లనే గదా నువ్వు పెట్టింది? అడగలేదు. దిద్దినా.”

“దిద్దండి, వద్దన్నానా? ఆ మాటలేంది? పిల్లలకు ఏం చెబుతారని?”

“అవి నా మాటలు కాదు గదరా. నీవే. ఎవరు రాసిందైనా ఎవరైనా వాడుకోవచ్చు, మూలం చెబితే చాలనింటివి. పేరేసినా, తేదీ గూడా ఏసినా. ఇంకేమన్నా తక్కువైందా?”

ఆధారం ఏదని అడిగే నోరు నాదే కదా, ఈసారి తేదీ అడిగింది.

“ఎప్పుడు చూసినారు?”

“నేను పేజీలోకి వచ్చిన మొదటిరోజే చూసినా. ఆదివారం వస్తావు గదా, ఉగ్గాని తింటా చెబుదామనుకున్యా. ఆ ఆదివారం వచ్చి నువ్వు దువ్వూరు మేడమ్ కామా అడిగిందని గంటసేపు అరిస్తివి. ఇంగ నేనేం చెప్పేది?”

“మరి మీది? తూర్పు పడమర?”

“నాదీ తప్పే. ముందు రాయాల్సింది వెనక రాసినా. దిద్దుకుందామని తెరిస్తే ఆపాటికే నువ్వు ఎర్రగా రాసిపెట్టినావు. మూడు రోజులాగి మళ్లీ చూద్దామంటే గోపీ తిప్పేసినాడు. నేను తూర్పుకు తిప్పితే వాడు మొగం యాడ పెట్టుకోవాల? రిటైరైన తర్వాత ఎవరి మొగంతోనూ నాకు పనిలేదు. పొద్దున్నే లేచి రెండూ దిద్దినా.”

“అయితే ఇన్ని రోజులు నాతో ఎందుకు మాట్లాడలేదు?”

ఆయన ఫోను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు.

“నువ్వు రాలేదు గదరా, యశ్వంతూ.”

లోపలి నుంచి కనకమ్మ గారు ఉగ్గాని తెచ్చింది. చెప్పులతో లోపలికొచ్చినావేంది నాయనా అంది. పోయి విప్పి వచ్చాను. వచ్చి ఇంకా అరుస్తూనే ఉన్నాను. ‘దూకుతుంది’ అన్న మాటనైనా ఉంచమన్నాను. నది మైలవరంలో ఎందుకు దూకుతుందిరా, ఆడ కట్టుండాది గదా అన్నాడు. మధ్యాహ్నం దాకా వాదించాం. బజ్జీలు ఎన్ని తిన్నానో తెలియదు. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ ఎర్ర నోట్ తీసేయమని నేను అడగలేదు. ఆయనా తీసేస్తాననలేదు.

డిసెంబర్ 3

పేజీ తాళం తీసేశాను. ముగ్గురు పెద్దల్లో ఒకరు ఒప్పుకున్నారు, అది చాలు.

సారు పెన్నా పాఠం మళ్లీ మొదటి నుంచి చదివాను. రెండో పేజీలో ఒక కామా ఎక్కువుంది. ఎవరు చూసినా ఎక్కువే. నియమం ప్రకారం నేరుగా తీసేయవచ్చు.

సారుకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఆయనే ఎత్తాడు. కామా సంగతి చెప్పాను. తీసేయిలే అన్నాడు.

ఇది పర్మిషన్ కాదు. ఊరికే ఫోన్ చేశానంతే.